కష్టం అంతర్వేదిలో… తాళం ఢిల్లీలో

సఖినేటిపల్లి రేవులో పంటు ఎక్కి వశిష్ఠ గోదావరి దాటితే నరసాపురం. అక్కడ రైల్వే స్టేషన్ ఉంది. హైదరాబాద్ రైలు అక్కడి నుంచే బయల్దేరుతుంది. ఇవతలి ఒడ్డున కోనసీమలో నేటికీ రైలు నడవదు. మాఘమాసంలో అంతర్వేది లక్ష్మీనరసింహస్వామి కల్యాణానికి, భీష్మ ఏకాదశి నాటి రథోత్సవానికి తరలివచ్చే జనం నరసాపురంలో రైలు దిగి పంటు కోసం రేవులో నిలబడాలి. లేదంటే దిండి–చించినాడ వంతెన మీదుగా చుట్టు తిరిగి రావాలి. నరసాపురం–సఖినేటిపల్లి మధ్య వారధి కడతామని ఒకటికి మించి శంకుస్థాపనలు జరిగాయి. పంటు మాత్రం ఇంకా తిరుగుతూనే ఉంది.

ఈ ఒడ్డున ఉన్నవాళ్లకు కష్టమొస్తే రాజోలు ఎమ్మెల్యే ఇంటికి వెళ్తారు, లేదా అమలాపురంలో సోమవారం గ్రీవెన్స్‌లో కలెక్టర్ చేతికి అర్జీ ఇస్తారు. అది తప్పు కాదు. కానీ అంతర్వేది చుట్టుపక్కల ఊళ్ల కష్టాలను ఒక్కొక్కటిగా రాసి, ఎదురుగా ఏ శాఖదో రాసి చూడండి. రైలు కేంద్రానిది. 216 జాతీయ రహదారి కేంద్రానిది. భూమి కింది గ్యాస్ తవ్వే ఓఎన్‌జీసీ కేంద్రానిది. ఎండు కొబ్బరి మద్దతు ధర నిర్ణయించేది కేంద్ర మంత్రివర్గం. తీరంలో ఏది కట్టాలన్నా కేంద్ర పర్యావరణ శాఖ నియమాలు దాటాలి. తీర జలాలు దాటిన సముద్రంలో వేట నిషేధం రోజులు ప్రకటించేదీ కేంద్రమే. మన రాష్ట్రంలో చాలా పల్లెలకు ఎంపీ అంటే ఎన్నికల్లో రెండో మీట. అంతర్వేదికి మాత్రం ఎమ్మెల్యే ఎంత అవసరమో ఎంపీ అంతకన్నా ఎక్కువ అవసరం. అందుకే అమలాపురం లోక్‌సభ సభ్యుడు గంటి హరీష్ మాధుర్ పార్లమెంటులో చేస్తున్న పనిని ఈ ఇసుక నేల మీద నిలబడి చూడాలి.

తండ్రికి లేని వీలు

హరీష్ మాధుర్ పేరు చెబితే కోనసీమలో ముందు గుర్తొచ్చేది ఆయన తండ్రి. గంటి మోహనచంద్ర బాలయోగి 1951 అక్టోబరు 1న ఎదుర్లంకలో పుట్టారు. లా చదివి మేజిస్ట్రేటు ఉద్యోగానికి ఎంపికై, దాన్ని వదులుకుని రాజకీయాల్లోకి వచ్చారు. 1987లో తూర్పు గోదావరి జిల్లా పరిషత్ అధ్యక్షుడయ్యారు, 1991లో లోక్‌సభకు గెలిచారు. 1996లో ఓడినా ముమ్మిడివరం ఉప ఎన్నికలో శాసనసభకు వెళ్లి మంత్రి అయ్యారు. 1998 మార్చిలో లోక్‌సభ స్పీకర్ పదవి చేపట్టారు. ఆ పీఠం మీద కూర్చున్న తొలి దళితుడు ఆయనే. వాజపేయి ప్రభుత్వం ఒక్క ఓటుతో పడిపోయిన 1999 ఏప్రిల్ 17న సభను నడిపింది కూడా ఆయనే. 2002 మార్చి 3న కైకలూరు దగ్గర హెలికాప్టర్ కూలి మరణించారు. యానాం–ఎదుర్లంక వంతెన ఇప్పుడు ఆయన పేరుతోనే ఉంది.

స్పీకర్ సభలో ప్రశ్న అడగకూడదు. చర్చలో మాట్లాడకూడదు. తన నియోజకవర్గం గురించి నోరు విప్పే వీలే ఉండదు. బాలయోగి చేయగలిగింది మంత్రులను, అధికారులను తన గదికి పిలిపించి చెప్పడం. ఆ రోజుల్లో ఆ మాటకు బరువు ఉండేది. 1998లో తెలుగుదేశానికి ఉన్నది 12 మంది ఎంపీలే అయినా కేంద్ర ప్రభుత్వం నిలబడడానికి వాళ్లు కావాలి. 1999లో ఆ సంఖ్య 29కి పెరిగింది. కోటిపల్లి–నరసాపురం రైలు మార్గం 2000–01లో మంజూరు కావడం ఆ బలంతో జరిగిందే.

2024లో మళ్లీ అలాంటి పరిస్థితే వచ్చింది. బీజేపీకి సొంతంగా వచ్చిన సీట్లు 240, తెలుగుదేశానివి 16. హరీష్ మాధుర్ 2019లో 40 వేల లోపు తేడాతో ఓడిన చోటనే 2024లో 3,42,196 ఓట్ల ఆధిక్యంతో గెలిచారు. లోక్‌సభలో తెలుగుదేశం విప్ అయ్యారు. తండ్రికి పీఠం ఉండేది కానీ ప్రశ్న అడిగే హక్కు ఉండేది కాదు. కొడుక్కి ఆ హక్కు ఉంది, కేంద్రానికి అవసరమైన సంఖ్యాబలమూ వెనకాల ఉంది. ఈ రెండూ కలిసి ఒక నియోజకవర్గానికి దొరకడం అరుదు. దీన్ని ఎంతవరకు వాడుకున్నారన్నదే ఈ ఐదేళ్లకు కొలత కావాలి.

57 కిలోమీటర్లు, పాతికేళ్లు

కాకినాడ నుంచి కోటిపల్లికి 1928లోనే రైలు వచ్చింది. రెండో ప్రపంచ యుద్ధం అవసరాల కోసం 1940లో ఆ పట్టాలు పీకి తీసుకుపోయారు. 45 కిలోమీటర్ల ఆ దారికి మళ్లీ పట్టాలు పడి రైలు కదిలింది 2004లో. దాన్ని కోటిపల్లి దగ్గర గౌతమి దాటించి, అమలాపురం, రాజోలు మీదుగా నరసాపురానికి కలపాలన్నది కోనసీమ రైల్వే కల. పొడవు చూస్తే 57 కిలోమీటర్లే. కానీ మధ్యలో గౌతమి, వైనతేయ, వశిష్ఠ అడ్డంగా పారుతున్నాయి. మూడింటి మీదా మూడు పెద్ద వంతెనలు కావాలి. ఖర్చులో నాలుగో వంతు రాష్ట్రం పెట్టుకోవాలి.

ఆలస్యానికి మూలం ఈ నాలుగో వంతులోనే ఉంది. కేంద్రం బడ్జెట్‌లో డబ్బు చూపించిన ఏడాది రాష్ట్రం తన వాటా కట్టకపోతే పని ఆగుతుంది. రాష్ట్రం కట్టిన ఏడాది భూసేకరణ కోర్టులో చిక్కుకుంటుంది. ఈలోగా సిమెంటు, ఇనుము ధరలు పెరిగి అంచనా మారుతుంది. మారిన అంచనాకు మళ్లీ ఆమోదం కావాలి, మళ్లీ నాలుగో వంతు లెక్కకట్టాలి. వంతెనల స్తంభాలు నదుల్లో నిలబడి ఉన్నాయి, పైన దూలాలూ పట్టాలూ రావాలి. ఈ పాతికేళ్లలో కాంగ్రెస్, తెలుగుదేశం, వైఎస్సార్‌సీపీ మూడు పార్టీల ఎంపీలూ అమలాపురం నుంచి ఢిల్లీ వెళ్లారు. ఏ ఒక్కరి మీదనో నింద వేసి ఊరుకునే కథ కాదు ఇది.

హరీష్ మాధుర్ లోక్‌సభలోనూ, రైల్వే మంత్రి అశ్వినీ వైష్ణవ్ ముందూ పదేపదే పెడుతున్న ప్రధానమైన కోరిక ఈ లైనే. అడగడం మంచిదే. అయితే ఇప్పుడు ఆయన అడగాల్సింది ఢిల్లీలోనే కాదు, అమరావతిలో కూడా. రెండు చోట్లా ఒకే కూటమి ప్రభుత్వం ఉంది. వాటా కేంద్రం ఇవ్వలేదని రాష్ట్రం, రాష్ట్రం ఇవ్వలేదని కేంద్రం చెప్పుకునే సాకు ఈ ఐదేళ్లలో ఎవరికీ లేదు. ఏటా బడ్జెట్ తర్వాత రైల్వే శాఖ విడుదల చేసే పింక్ బుక్‌లో ప్రతి లైనుకూ ఎంత కేటాయించారో ఉంటుంది. ఎంపీ ప్రసంగం కన్నా ఆ ఒక్క వరుస ముఖ్యం. ఆ వరుసను రాష్ట్ర బడ్జెట్‌లోని వాటా పక్కన పెట్టి, ఏటా మార్చిలో అమలాపురంలో విలేకరుల ముందు ఎంపీయే చదివి వినిపించాలి. పెరిగితే పేరు ఆయనకు వస్తుంది. తగ్గితే ఎవరిని నిలదీయాలో జనానికి తెలుస్తుంది.

ఇంకొక మాట. ఈ లైను పూర్తయినా అంతర్వేది మీదుగా వెళ్లదు, వశిష్ఠను పైన చించినాడ వైపు దాటుతుంది. కనుక సఖినేటిపల్లి వారధి కోరిక దీనితో తీరిపోయిందని ఎవరూ ఫైలు మూసేయకూడదు.

గ్యాస్ పోతుంది, భయం మిగులుతుంది

ఈ కథనంలో నేను ఎక్కువసేపు ఆగదలచుకున్నది ఇక్కడే. 1995 జనవరి 8న పాశర్లపూడిలో ఓఎన్‌జీసీ బావి నుంచి ఎగసిన మంట 65 రోజులు ఆరలేదు. ఆ వెలుగుకు చుట్టుపక్కల ఊళ్లలో రాత్రులు రాత్రుల్లా లేవని ఆనాటి వాళ్లు ఇప్పటికీ చెబుతారు. 2014 జూన్ 27 తెల్లవారుజామున నగరం అనే ఊళ్లో గెయిల్ పైపులైను పేలి 20 మందికి పైగా చనిపోయారు. నిద్రలోంచి లేచి టీ కాచుకునే వేళ అది. 2026 జనవరి మొదటి వారంలో మలికిపురం మండలం ఇరుసుమండలో మరో బావి అంటుకుంది. ఊళ్లు ఖాళీ చేయించారు. ఎంపీ, కలెక్టర్ అక్కడికి వెళ్లారు. కొన్ని రోజులకు మంట అదుపులోకి వచ్చింది. ఈసారి ప్రాణాలు పోలేదు. పాశర్లపూడికీ ఇరుసుమండకూ మధ్య 31 ఏళ్లు. రెండూ అంతర్వేది ఉన్న ఈ రాజోలు సీమ పరిసరాల్లోవే.

ప్రమాదం జరిగిన రోజు ప్రజాప్రతినిధి వెళ్లి పలకరించాలి, పరిహారం ఇప్పించాలి. అది కనీస ధర్మం. కానీ ఎంపీ అంటే చట్టం చేసే మనిషి. ఆయన చేయగలిగింది అంతకన్నా పెద్దది ఒకటి ఉంది.

బొగ్గు, ఇనుప ఖనిజం, సున్నపురాయి లాంటివి తవ్వే జిల్లాల్లో జిల్లా ఖనిజ నిధి అని ఒకటి ఉంటుంది. 2015లో గనుల చట్టాన్ని సవరించి దాన్ని తెచ్చారు. తవ్వేవాళ్లు రాయల్టీతో పాటు అదనంగా కొంత ఆ జిల్లా నిధికి కట్టాలి. పాత లీజులైతే రాయల్టీలో 30 శాతం దాకా, వేలంలో వచ్చినవైతే 10 శాతం. సింగరేణి బొగ్గు తీసే భద్రాద్రి కొత్తగూడెం లాంటి జిల్లాల్లో తాగునీరు, ఆసుపత్రి, బడి పనులు ఈ డబ్బుతో జరుగుతాయి. కోనసీమ భూమి కింద నుంచి దశాబ్దాలుగా గ్యాస్, చమురు తీస్తున్నారు. అయినా ఆ నిధి ఇక్కడికి రాదు. గనుల చట్టంలో ఖనిజమంటే చమురు, సహజ వాయువు తప్ప మిగతావన్నీ అని రాసి ఉంది మరి. చమురుకు వేరే చట్టం ఉంది, 1948 నాటి చమురు క్షేత్రాల చట్టం. అందులో తవ్వే జిల్లాకు నిధి అన్న మాటే లేదు. నేల మీద తీసిన గ్యాస్ రాయల్టీ రాష్ట్ర ఖజానాకు చేరుతుంది. అక్కడి నుంచి మలికిపురానికో సఖినేటిపల్లికో ఇంత రావాలన్న నియమం లేదు. ఇక మిగిలింది కంపెనీల చట్టం కింద లాభంలో రెండు శాతం సామాజిక బాధ్యత ఖర్చు. అది ఎక్కడ పెట్టాలో కంపెనీయే నిర్ణయించుకుంటుంది. కాబట్టి ఊరు దాని కోసం అర్జీ పెట్టుకోవాలి. హక్కుగా రావాల్సింది ఇలా దానంగా వస్తోంది.

ఈ 1948 చట్టాన్ని మార్చే అవకాశం ఈ మధ్యే వచ్చింది. చమురు క్షేత్రాల సవరణ బిల్లును 2024 డిసెంబరులో రాజ్యసభ, 2025 మార్చిలో లోక్‌సభ ఆమోదించాయి. లీజులకు స్థిరత్వం, పెట్టుబడి పెట్టేవాళ్లకు భరోసా, వివాదాల పరిష్కారం అందులో ఉన్నాయి. తవ్వకం జరిగే ఊరికి నిధి లేదు. అస్సాం, గుజరాత్, తమిళనాడు కావేరి డెల్టా, మన కృష్ణా–గోదావరి డెల్టా, ఇన్ని చోట్ల ఇదే బాధ ఉన్నా ఏ పార్టీ కూడా దీన్ని ఉమ్మడి డిమాండుగా నిలబెట్టలేదు. అది పెద్ద నష్టం. నా మనసులో ఉన్న మాట సూటిగా చెబుతున్నాను: ఈ పని అమలాపురం ఎంపీ మొదలుపెట్టాలి. పాశర్లపూడి, నగరం, ఇరుసుమండ మూడూ ఉన్న నియోజకవర్గం ఇంకొకటి దేశంలో లేదు.

ఎలా అంటే, శుక్రవారాల్లో ప్రైవేటు సభ్యుల బిల్లులకు సమయం ఇస్తారు. అలాంటి బిల్లులు నెగ్గడం కష్టమే. స్వాతంత్ర్యం వచ్చాక చట్టాలైనవి 14 మాత్రమే, చివరిది 1970లో. అయినా అవి వృథా కావు. ట్రాన్స్‌జెండర్ వ్యక్తుల హక్కుల మీద తమిళనాడుకు చెందిన తిరుచ్చి శివ పెట్టిన ప్రైవేటు బిల్లును 2015లో రాజ్యసభ ఆమోదించింది. ఆ తర్వాత ప్రభుత్వమే సొంతంగా బిల్లు తేక తప్పలేదు, 2019లో చట్టం వచ్చింది. కోనసీమ ఎంపీ కూడా ‘చమురు జిల్లాల నిధి’ కోసం ఒక బిల్లు పెట్టి, అది చర్చకు వస్తే పెట్రోలియం మంత్రి నిలబడి ఔననో కాదనో చెప్పాలి. కాదంటే ఎందుకు కాదో రికార్డులోకి ఎక్కుతుంది. తర్వాతి పోరాటానికి అదే ఆధారం.

ఉప్పు ఎక్కిన తోటలు

అంతర్వేది నుంచి శంకరగుప్తం, కేశనపల్లి వైపు వెళ్తే మొవ్వులు ఎండి నిలబడిన కొబ్బరి చెట్లు కనిపిస్తాయి. శంకరగుప్తం మేజర్ డ్రెయిన్ గుండా పోటు సమయంలో సముద్రపు నీరు లోపలికి వచ్చి తోటల్లో నిలిచిపోతోంది. వేరుకు ఉప్పు తగిలాక చెట్టు ఒక్కరోజులో చావదు. ముందు కాయ చిన్నదవుతుంది, పిందె రాలుతుంది, ఆకు పసుపెక్కుతుంది, ఆఖరికి మొవ్వు పడిపోతుంది. ఈ క్రమంలో రైతు ప్రతి దింపుకూ కాస్త కాస్త నష్టపోతూ ఉంటాడు. 2025 నవంబరులో ఉప ముఖ్యమంత్రి పవన్ కల్యాణ్ కేశనపల్లి వచ్చి ఈ తోటలు చూశారు. తర్వాత డ్రెయిన్ బాగుచేతకు రాష్ట్రం డబ్బు మంజూరు చేసింది. డ్రెయిన్ రాష్ట్రం పనే. చచ్చిన చెట్టు స్థానంలో కొత్త మొక్క వేయడం మాత్రం ఇప్పుడు కేంద్రం చేతిలోకీ వచ్చింది.

2026–27 కేంద్ర బడ్జెట్‌లో కొబ్బరి ప్రోత్సాహక పథకం ప్రకటించారు. ముదిరిన, కాపు తగ్గిన చెట్లు తీసి మంచి రకాలు నాటించడం దాని ఉద్దేశం. కోనసీమకు ఇది చాలా అవసరమైన పథకం. 1996 నవంబరు 6 రాత్రి తుపాను ఇక్కడి తోటలను నేలమట్టం చేసింది. మిగిలిన పాత చెట్లను ఆ తర్వాత సర్పిలాకార తెల్లదోమ పట్టింది. అంబాజీపేట ఉద్యాన పరిశోధన స్థానం గోదావరి గంగ లాంటి సంకర రకాన్ని తయారు చేసి ఇచ్చింది కూడా. కాబట్టి మొక్క కోసం ఎక్కడికో వెళ్లనక్కర్లేదు.

కానీ పథకం మార్గదర్శకాలు ఎలా రాస్తారన్న దాని మీదే అంతా ఆధారపడి ఉంది. చెట్టు కొట్టేసిన రోజు నుంచి కొత్త చెట్టు కాపుకు వచ్చేదాకా ఏళ్లు పడుతుంది. అరెకరం, ఎకరం తోట ఉన్న రైతు అన్నాళ్లూ ఏం తినాలి? మొక్క ఉచితంగా ఇచ్చి సరిపెడితే ఏ చిన్న రైతూ పాత చెట్టు కొట్టడు. మధ్య కాలానికి ఏటా ఇంత అని ఇవ్వాలి. తోట కౌలుకు చేస్తున్నవాళ్లకూ అందులో వాటా ఉండాలి. చెట్టెక్కి దింపే, కాయ వలిచే కూలీలకు పని పోయిన కాలానికి ఏదైనా చూడాలి. ఉప్పునీటితో చచ్చిన చెట్టును ‘ముదురు చెట్టు’ లెక్కలో కలుపుతారా, కలపరా అన్నది ఇప్పుడే తేలాలి. కలపకపోతే పథకం కేశనపల్లి దాకా రాదు. ఇవన్నీ మార్గదర్శకాలు ఖరారు కాకముందే ఎంపీ వ్యవసాయ శాఖ చేత రాయించాల్సిన మాటలు. కేరళ ఎంపీలు కొబ్బరి అనగానే పార్టీలు మరిచి ఒక్కటవుతారు. కొబ్బరి అభివృద్ధి బోర్డు ప్రధాన కార్యాలయం కూడా కొచ్చిలోనే ఉంది. గోదావరి జిల్లాల, ఉత్తరాంధ్ర ఎంపీలు కలిసి కూర్చుని ఒకే లేఖ ఇస్తే ఆ బరువు మనకూ వస్తుంది.

2026 సీజనుకు మిల్లింగ్ కొబ్బరికి క్వింటాలు 12,027 రూపాయలు, కురిడీకి 12,500 రూపాయలు మద్దతు ధరగా కేంద్రం ప్రకటించింది. బయట ధర బాగున్నంత కాలం ఈ అంకె ఎవరికీ గుర్తుండదు. పడిపోయిన రోజున నాఫెడ్ కొనుగోలు కేంద్రం అంబాజీపేటలో ఎన్నాళ్లకు తెరుస్తారన్నదే అసలు ప్రశ్న.

సముద్రం జరుగుతోంది

అంతర్వేది తీరంలోని పల్లిపాలెం వాళ్లకు అమావాస్య, పౌర్ణమి పోటులంటే దిగులు. ఒడ్డు కోసుకుపోయి నీళ్లు వీధుల్లోకి వస్తాయి. జాతీయ తీర పరిశోధన కేంద్రం 1990 నుంచి 2018 వరకు లెక్కలు తీసి, దేశ తీరంలో మూడో వంతు కోతకు గురవుతోందని చెప్పింది. గోదావరి డెల్టాకు అదనంగా మరో కారణం ఉంది. ఎగువన ఆనకట్టలు పెరిగేకొద్దీ నది మోసుకొచ్చే ఒండ్రు తగ్గుతోంది. ఒండ్రు తగ్గితే డెల్టా అంచు నిలబడదు.

15వ ఆర్థిక సంఘం 2021–26 కాలానికి కోత నివారణ పనులకు 1,500 కోట్లు, కోతతో నిర్వాసితులైనవాళ్ల పునరావాసానికి 1,000 కోట్ల రూపాయలు దేశం మొత్తానికి సిఫార్సు చేసింది. ఆ ఐదేళ్ల గడువు 2026 మార్చి వరకే. అందులోంచి అంతర్వేది తీరానికి ఏం ప్రతిపాదించారు, ఏం మంజూరైంది అన్న ఒక్క ప్రశ్న లోక్‌సభలో అడిగితే లిఖిత జవాబు వస్తుంది. ఎంపీ స్థానికాభివృద్ధి నిధి (ఎంపీ ల్యాడ్స్) డబ్బుతో ఈ పని కాదు. ఏడాదికి 5 కోట్లు, అమలాపురం పరిధిలో ఏడు అసెంబ్లీ నియోజకవర్గాలు, ఒక్కోదానికి 71 లక్షలు. ఆ డబ్బుతో కమ్యూనిటీ హాలు కడతారు, సముద్రానికి రాతి కట్ట వేయలేరు.

జవాబు కాగితం ఊరికి రావాలి

జీరో అవర్‌లో ఎంపీ మాట్లాడిన రెండు నిమిషాల వీడియో ఆ సాయంత్రానికి ఫోన్లలో తిరుగుతుంది. చూసి సంతోషపడతాం. కానీ జీరో అవర్ మాటకు మంత్రి వెంటనే బదులు చెప్పాలన్న నియమం లేదు. 377 నిబంధన కింద ఇచ్చిన విషయానికి, ప్రశ్నోత్తరాల కింద వేసిన ప్రశ్నకు మాత్రం శాఖ కాగితం మీద జవాబివ్వాలి. నక్షత్ర గుర్తు ప్రశ్న అయితే సభలో నిలబెట్టి అనుబంధ ప్రశ్నలు కూడా అడగవచ్చు. గట్టిగా పని చేసే ఎంపీని గుర్తుపట్టేది అక్కడే. ఎన్నిసార్లు మాట్లాడాడన్నది కాదు, ఎన్ని జవాబులు రాబట్టాడు, రాని జవాబు కోసం ఎన్నిసార్లు మళ్లీ అడిగాడు అన్నది చూడాలి. ప్రతి ప్రశ్నా, ప్రతి జవాబూ లోక్‌సభ వెబ్‌సైట్‌లో ఎంపీ పేరు మీద ఉంటాయి. చదువుకున్న పిల్లలు ప్రతి ఊళ్లోనూ ఉన్నారు. వాటిని వెతికి తీసి, పంచాయతీ నోటీసు బోర్డు మీద అంటించే పని వాళ్లు చేయగలరు.

పార్లమెంటు వర్షాకాల సమావేశాలు సాధారణంగా జులైలో మొదలవుతాయి. ప్రశ్నలకు కనీసం 15 రోజుల ముందు నోటీసు ఇవ్వాలి. అంతకన్నా ముందే అంతర్వేది, అంతర్వేదిపాలెం, సఖినేటిపల్లి, కేశనపల్లి, ఇరుసుమండ గ్రామసభలు కూర్చోవాలి. వారధికి ఒకటి, గ్యాస్ నిధికి ఒకటి, ఉప్పునీటికి చచ్చిన చెట్లకు ఒకటి, తీరం కోతకు ఒకటి, ఇలా ఊరికో తీర్మానం రాసి అమలాపురంలోని ఎంపీ కార్యాలయంలో ఇవ్వండి. ఇచ్చినట్టు సంతకంతో నకలు తీసుకుని పంచాయతీ ఫైలులో పెట్టండి.